కమాను కింద బెల్లపు బొట్టు

రైలు వంతెన కింద నీడగా ఉందని కారు నిలిపేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నడిచేవాణ్ణి ఆగి, అద్దం మీద తట్టి, "బాబూ, ఇంకాస్త ముందుకు తీసుకుపో" అని చెప్పి వస్తాను. మా ఆవిడ నెత్తి కొట్టుకుంటుంది. రిటైరయిన మనిషికి ఊళ్ళోవాళ్ళ కార్ల పెత్తనం ఎందుకండీ అంటుంది. అరవైల మొదట్లో చేరి ఎనభైల చివరి దాకా మద్రాసులో రైల్వే వంతెనల ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి. పైనుంచి ఏమేం కారుతుందో నాకు తెలిసినంత ఆ కారు అబ్బాయికి తెలియదు కదా.

ఇంజన్లనుంచి నూనె పడుతుంది. ఇనుప దూలాల కింద పెట్టిన గ్రీజు ఎండకు కరిగి పడుతుంది. పట్టాల కింది చెక్క స్లీపర్లకు పట్టించిన తారు వేసవిలో బొట్లు బొట్లుగా దిగుతుంది. రైలుపెట్టెల మరుగుదొడ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు, పావురాల సంగతి అసలే వద్దు. ఇవన్నీ కిరసనాయిలుతోనో సబ్బుతోనో వదిలిపోతాయి. కానీ ఒకసారి ఒక కారు మీద పడిన బొట్టు నన్ను, నాతో పనిచేసిన ఒక మేస్త్రిని అంత తేలిగ్గా వదల్లేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. రూల్సు పుస్తకం మీకు ఎలాగూ ఇస్తారు. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు ఎలా వస్తాయో క్యాంటీన్లో నేర్చుకుంటారు. అక్కడ దొరకనిది ఈ ఒక్కటి చెప్పి ఊరుకుంటాను.

తల పైకెత్తే ఉద్యోగం

వంతెనల ఇన్‌స్పెక్టరు పనంటే ఏమిటని మా నాన్న అడిగితే, "తల పైకెత్తి చూడటం" అన్నాను. మాది చింతాద్రిపేట. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. నాన్న జౌళి అంగట్లో లెక్కలు రాసేవాడు, రోజంతా తల దించుకునే ఉద్యోగం. "పోనీలే, మనింట్లో ఒక్కడైనా తలెత్తుకు తిరుగుతాడు" అని నవ్వాడు.

నిజానికి చూడటం సగమే. మిగతా సగం వినడం. ఇటుకను చిన్న సుత్తితో తడితే గట్టి ఇటుక ఖంగుమంటుంది, లోపల వదులైనది డొల్లగా పలుకుతుంది. ఇంకా ముఖ్యమైనది మనుషుల మాట వినడం. ఇది నాకు చేతకాలేదు, అందుకే ఈ కథ.

అధికారుల్లో రెండు రకాలను చూశాను. ఒకాయన ఉండేవాడు, జీపు దిగేవాడే కాదు. కిటికీలోంచి మెడ బయటికి పెట్టి, "బాగానే ఉన్నట్టుందే" అని రిపోర్టులో సంతకం పెట్టేవాడు. ఆయన తరువాత వచ్చిన అసిస్టెంట్ ఇంజనీరు శ్రీనివాసన్ గారు దానికి పూర్తిగా వ్యతిరేకం. బక్కపలచని మనిషి, తంజావూరు వైపువారు. పంచె కట్టుకున్న రోజు కూడా నిచ్చెన ఎక్కేసేవారు. మాట కరుకు. చేరిన నెలలోనే నన్ను పిలిచి, "వంతెన మీద వాడే సామాను మారిస్తే ముందు నాకు రాయాలి. నోటి మాట మీద పని జరిగిందని తెలిస్తే ఊరుకోను" అన్నారు. అప్పటికే ఒక చోట నేను నోటిమాటగా పెయింటు మార్పించి చీవాట్లు తిని ఉన్నాను. కాబట్టి నాకది రెండో హెచ్చరిక. ఆయనంటే నాకు గౌరవం కంటే భయం ఎక్కువ.

గానుగ సున్నం

పాత మద్రాసులో రోడ్డు మీదుగా రైలు వెళ్ళే ఒక ఇటుక కమాను వంతెన నా సెక్షన్లో ఉండేది. ఏ వంతెనో చెప్పను. తెల్లదొరల నాటిది, సున్నంతో కట్టినది. పక్క గోడల్లో ఇటుకల మధ్య సందుల్లోని సున్నం ఇసుకై రాలిపోతోంది. ఐప్పసి వానలు, అంటే దీపావళి నెల వానలు, మొదలయ్యేలోగా వాటిని పూడ్చాలి. కాగితం ప్రకారం సిమెంటుతో పూడ్చాలి. ఆ ఏడాది సిమెంటు పర్మిట్ల మీద దొరికేది. మూడు నెలలు ఎదురు చూసినా మా డిపోకి ఒక్క మూట రాలేదు.

నా గ్యాంగు మేస్త్రి మునిరత్నం. తిరుత్తణి దగ్గర తెలుగువాళ్ళు, తరతరాలుగా తాపీపని. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నన్ను "సామీ" అనేవాడు, "నువ్వు" అని కూడా అనేవాడు. ఆ యాసలో రెండూ కలిస్తేనే మర్యాద.

ఒక ఆగస్టు పొద్దున కమాను కింద నిలబడి ఆయన అన్నాడు: "సిమెంటుకి కాసుకోని కూర్చుంటే వానొచ్చేస్తాది సామీ. ఇది సున్నం గోడ. దీనికి సున్నమే పడతాది. గానుగ సున్నం, బెల్లం, కరక్కాయ. మా తాత ఈ మాదిరే కట్టినాడు. ఆ గోడలు ఈ పొద్దుకీ మేకు దిగనియ్యవు."

"శ్రీనివాసన్ గారికి రాసి అడగాలి మేస్త్రీ."

"రాసి, అది పోయి, తిరిగొచ్చే లోపల దీపావళి గదా సామీ!"

నాకూ అదే అనిపించింది. "సరే, కానీ" అన్నాను. రెండే మాటలు. కాగితం లేదు, సంతకం లేదు.

పని తెలియని వాళ్ళ కోసం చెబుతాను. కరక్కాయలు దంచి, బెల్లం నీళ్ళలో వేసి, కుండల్లో పది రోజులు నానబెడతారు. అది పులుస్తుంది, నురగ కడుతుంది. ఆ నీళ్ళు పోసి గానుగలో నూరిన సున్నం కలిపితే అది రాయిలా బిగుస్తుంది. సున్నం నింపే ముందు సందుల్లో కూడా అవే నీళ్ళు పోసి తడుపుతారు. మునిరత్నం ఎనిమిది కుండలు తెచ్చి వంతెన పక్క గూట్లో వరుసగా పెట్టాడు. మొదటి వారానికే ఆ చుట్టుపక్కల కల్లు దుకాణం వాసన. ఆ రోజుల్లో మద్రాసులో మద్యనిషేధం గట్టిగా ఉండేది. బెల్లం, తుమ్మ చెక్క నానబెట్టి దొంగ సారాయి కాచేవాళ్ళను పోలీసులు వెతికి వెతికి పట్టుకునేవాళ్ళు. మాలో ఒక్కరికైనా ఈ ఆలోచన రాలేదంటే నమ్మండి. మా కళ్ళకు అది సున్నంలోకి నీళ్ళు, అంతే.

పని మొదలైన నాలుగో రోజు మేస్త్రి నన్ను ఆపాడు. "ఈ గోడ తాగతా ఉండాది సామీ. ఈ మూల సందులో రెండు కుండలు పోసినాను, నిండలా. నీళ్ళు యాడికో పోతా ఉండాయి."

"పాత గోడ, తాగక ఏం చేస్తుంది? పొయ్యి, ఇంకా పొయ్యి" అని సైకిలెక్కి పోయాను.

జీవితమంతా గోడలతో బతికిన మనిషి ఒక మాట చెబితే, ఐదేళ్ళ సర్వీసు వాడు సైకిలెక్కి పోవడం! ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తెల్ల కారు

టి. నగర్‌లో ఉండే ఒక తెలుగు నిర్మాతకు కొత్త తెల్ల కారు ఉండేది. పొద్దున్నే కోడంబాక్కం స్టూడియోకి పోయి, మధ్యాహ్నం మా వంతెన అవతల ఉన్న ఆఫీసుకు వచ్చేవారు. ఆయన లోపల ఉన్నంతసేపు డ్రైవరు కారును కమాను కింద నీడలో పెట్టి కునుకు తీసేవాడు. వారం రోజులపాటు ఆ కారు మీద గోధుమరంగు బొట్లు పడ్డాయి. ముట్టుకుంటే జిగట. తుడిస్తే చారలు. పెయింటు లేచిన చోట, ఇనుము తగిలిన చోట నల్లగా సిరాలా మారి కూర్చున్నాయి. డ్రైవరు వేలితో తీసి వాసన చూశాడట. "అయ్యా, రైలు వంతెన మీద ఎవరో సారాయి కాస్తున్నారు, అది మన కారు మీద కారుతోంది" అని చెప్పాడట. నిర్మాతగారు ఫోను తీశారు.

ఆ మధ్యాహ్నమే పోలీసు జీపు వచ్చింది. గూట్లో ఎనిమిది కుండలు, నురగ, పులుపు వాసన, అడుగున చెక్కముక్కల్లా కనిపించే కరక్కాయ పిప్పి. కుండల పక్కన మునిరత్నం. ఇంకేం కావాలి? కుండలతో పాటు మనిషినీ ఎక్కించుకు పోయారు. "మా సారు చెప్తే చేసినాను, ఆయన్ని అడగండి. ఆయనే వస్తాడు చూడండి" అన్నాడట. నా గ్యాంగు వాళ్ళు చెప్పారు.

నేను పోలీసు స్టేషనుకు వెళ్ళలేదు. ముందు శ్రీనివాసన్ గారి పిలుపు వచ్చింది. ఆయన తమిళంలో మాట్లాడేవారు, తెలుగులో రాస్తున్నాను.

"సిమెంటుకు బదులు బెల్లం, కరక్కాయ వాడమని ఆ మేస్త్రికి నువ్వు చెప్పావా?"

"లేదు సార్."

"నీకు తెలుసా?"

"తెలియదు సార్. తనంతట తానే చేసినట్టున్నాడు."

అలా అనాలని ముందుగా అనుకోలేదు. ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూసేసరికి నా నోట్లోంచి అదే వచ్చింది. భయం వేసింది, అబద్ధం ఆడాను. ఇందులో అలంకారాలు ఏమీ లేవు. ఆయన "సరే, పో" అన్నారు. బయటికి వచ్చి నేను టీ తాగాను. ఆ టీ ఎలా దిగిందో ఇప్పుడు ఆశ్చర్యం.

మరుసటి సాయంత్రం మునిరత్నం భార్య కన్నమ్మ చింతాద్రిపేటలో మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

"నువ్వొచ్చి ఒక మాట చెప్తే ఇడిసి పెడతామంటా ఉండారు సామీ. ఆయన రేత్రంతా నీ దారే చూస్తా కూర్చున్యాడంట."

"చూస్తానమ్మా."

"కేసు రాస్తే ఉద్యోగం పోతాదంట గదా. కోటర్సు కాళీ చెయ్యాలంట. ఇంకా నాలుగేళ్ళు సర్వీసు ఉండాది. జైల్లో ఏస్తారంటనే, నిజమా సామీ?"

"చూస్తానని చెప్పాను కదా!" అని కసురుకున్నాను. తప్పు చేసినవాడికి కోపం ఎంత తొందరగా వస్తుందో! ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

చీమలు

ఆ మర్నాడు నేను చేసిన పని మీరు ఎవరూ చెయ్యకండి. ఇద్దరు ఖలాసీలను, ఉలులను, నిచ్చెనను తీసుకుని వంతెన దగ్గరికి పోయాను. నింపిన సున్నమంతా చెక్కేయించి, బెల్లం ఆనవాలు లేకుండా చేద్దామని. సాక్ష్యం పోతే నా అబద్ధం నిలబడుతుంది. మేస్త్రి సంగతి ఏమవుతుందో ఆలోచించలేదా అంటే, ఆలోచించకుండా ఉండటానికే ఆ పని పెట్టుకున్నాను.

నిచ్చెన ఎక్కి ఉలి పెట్టబోతే గోడంతా చీమలు. బెల్లం పోసిన చోట చీమలు పట్టడంలో వింతేముంది? ఊదేయబోయాను. కానీ అవి అక్కడే తిరగడం లేదు. బారు కట్టి సందులోంచి బయటికి వచ్చి, పక్క గోడ దాటి, కమాను కడుపు మీదికి పోతున్నాయి. కొంత దూరం పోయాక ఇటుకల మధ్య మాయమవుతున్నాయి. రోడ్డు మధ్యలో, సరిగ్గా పట్టాల కింద, మళ్ళీ బయటికి వస్తున్నాయి. మేము ఒక్క బొట్టు కూడా పొయ్యని చోటు అది. అక్కడ ఒక గోధుమరంగు బొట్టు వేలాడుతోంది.

నిచ్చెన జరిపించి చూశాను. వెంట్రుకంత గీత. జేబులోని చాకు మొన పెడితే పిడి దాకా లోపలికి పోయింది. ఈలోగా పైన రైలు వచ్చింది. గీత కదిలింది. నా కళ్ళతో చూశాను, సన్నగా తెరుచుకుని మూసుకుంది. ఆ బొట్టు ఊడి నా చెంప మీద పడింది.

గోడ తాగుతోందని మేస్త్రి చెప్పింది ఇదే. మూలన పోసిన నీళ్ళు లోపల్లోపల ఇంత దూరం నడిచి వచ్చాయంటే కమాను ఇటుక వరసలు విడిపోయాయన్నమాట. పై వరస వేరు, కింద వరస వేరు. పైన రోజంతా రైళ్ళు, కింద రోజంతా బస్సులు, మనుషులు. ఖలాసీ భుజం పట్టుకుని నిచ్చెన దిగాను.

ఒక్క క్షణం పాడుబుద్ధి కూడా పుట్టింది. బెల్లం ఊసు లేకుండా "పగులు కనబడింది" అని మాత్రం చెబితే? కుదరదు. ఆ పగులు ఎక్కడ మొదలై ఎటు పోయిందో తెలియాలంటే ఏ సందులో ఎన్ని కుండలు పోశారో, ఎక్కడ నిండిందో, ఎక్కడ నిండలేదో తెలియాలి. అది తెలిసిన మనిషి ఒక్కడే. ఆయన లాకప్‌లో ఉన్నాడు.

పరుగెత్తుకుంటూ దగ్గరి రైల్వే స్టేషనుకు పోయి, ఆ వంతెన మీద రైళ్ళన్నీ నడక వేగంతో పోవాలని రాసిచ్చి, అక్కణ్ణుంచి నేరుగా ఆఫీసుకు పోయాను.

"ముందు వంతెన"

శ్రీనివాసన్ గారు భోజనం కారియరు విప్పుతున్నారు. నిలబడే చెప్పాను. పగులు, చీమలు, కుండలు, "సరే, కానీ" అన్న నా రెండు మాటలు.

"మొన్న తెలియదన్నావే."

"అబద్ధం చెప్పాను సార్."

ఆయన కారియరు మూత పెట్టేశారు. తిడితే బాగుండునని నాకు అనిపించింది. ఆయన లేచి టోపీ పెట్టుకున్నారు.

"ముందు వంతెన. తరువాత మేస్త్రి. ఆ తరువాత నీ సంగతి" అన్నారు.

నిచ్చెన ఆయనే ఎక్కారు, చాకు ఆయనే పెట్టి చూశారు. దిగి, "పద స్టేషనుకు" అన్నారు. మనిషంటే అలా ఉండాలి. ఎవరిని ఎప్పుడు తిట్టాలో ఆయనకు వరస తెలుసు.

పోలీసు స్టేషన్లో మునిరత్నం కుండల పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. సబ్ ఇన్‌స్పెక్టరు కుర్రవాడు, ఉత్సాహం మీద ఉన్నాడు. "బెల్లం ఉంది, చెక్క ఉంది, నురగ ఉంది. సారాయి కాచే ఊట కాదంటే ఎలా నమ్మమంటారు?" అన్నాడు.

"అది చెక్క కాదయ్యా, కరక్కాయ" అన్నాడు మునిరత్నం నేల మీదినుంచే. "దాంట్లో ఒక ఇనప మేకు ఎయ్యండి, చూస్తారు."

కానిస్టేబులు ఎక్కణ్ణుంచో తుప్పు పట్టిన మేకు తెచ్చి గ్లాసులో వేశాడు. కాసేపటికి నీళ్ళు నల్లబడ్డాయి.

"ఇది సిరా కదయ్యా!" అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

"నమ్మకం లేకుంటే ఆ కుండలోది కొంచెం నాలిక మీద పెట్టుకోండి. ఎవుడన్నా దీన్ని కాచి తాగతాడేమో మీరే చెప్పండి."

ఆ కుర్రాడు నిజంగానే వేలు ముంచి నాకాడు. ముఖం మొత్తం మధ్యకు వచ్చింది. వగరు! రెండు చెంబుల నీళ్ళు పుక్కిలించినా మాట సరిగా రాలేదు. కానిస్టేబుళ్ళు గోడ వైపు తిరిగి నవ్వుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

నోరు కడుక్కుని వచ్చి అతను అసలు ప్రశ్న అడిగాడు. "సరే, సారాయి కాదు. కానీ పులిసిన బెల్లపు కుండలు దగ్గర పెట్టుకున్నా నేరమే. ప్రభుత్వం పనికే అంటే, ఎవరు చెయ్యమన్నారు? ఆర్డరు కాగితం ఏది?"

గదిలో అందరూ నన్నే చూశారు, మునిరత్నం తప్ప.

"కాగితం లేదు. నేనే నోటితో చెప్పాను. ఆయన తప్పు ఏమీ లేదు. నేను రాసిస్తాను" అన్నాను. ఒక పేజీ రాసి సంతకం చేశాను. దాని కింద శ్రీనివాసన్ గారు కూడా సంతకం చేశారు. పెన్ను మూత పెడుతున్నప్పుడు రెండు రోజులుగా గుండెల మీద ఉన్న బండ దిగినట్టయింది. హమ్మయ్య అని పైకే అనేశాను. శ్రీనివాసన్ గారు గుర్రుగా చూశారు.

మునిరత్నం లేచి పంచె దులుపుకున్నాడు. రెండు రాత్రులు లాకప్‌లో ఉన్న మనిషి ఇంటికి పోతానన్నాడా? లేదు. శ్రీనివాసన్ గారిని అడిగాడు, "ఆ నీళ్ళు యాడికి పోయినాయో తెలిసిందా అయ్యా?"

జీపులోనే వంతెన దగ్గరికి వచ్చాడు. ఈ సందు ఒక కుండ, ఈ సందు అర కుండ, ఇది మాత్రం రెండు తాగినా నిండలేదు, అని చేత్తో చూపిస్తూ పోయాడు. ఆయన చూపించిన చోట విప్పితే ఇటుక వరసల మధ్య నా చెయ్యి పట్టింది. కమాను కింద దుంగలతో ఊతం పెట్టాం. మూడు నెలలు మాకు దొరకని సిమెంటు మూడు రోజుల్లో లారీలో వచ్చింది. వానల కంటే ముందే పని అయిపోయింది. మొదటి రైలు పూర్తి వేగంతో దాటినప్పుడు మేమందరం కమాను కింద నిలబడి పైకే చూస్తున్నాం. ఒక్క రవ్వ రాలలేదు. ఖలాసీలు ఈలలు వేశారు. శ్రీనివాసన్ గారు జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకుని, "ఇక టీ తాగుదాం" అన్నారు.

తరువాత నా సంగతి కూడా చూశారు. గట్టిగానే చూశారు. నాకు అన్యాయమేమీ జరగలేదు. నిర్మాతగారికి నేనే పోయి క్షమాపణ చెప్పుకున్నాను. మరకలు నిమ్మకాయ రుద్దితే పోయాయని డ్రైవరు చెప్పాడు.

చీటీ

ఇక్కడితో అయిపోయిందని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

పని ముగిసిన మర్నాడు మునిరత్నాన్ని పక్కకు పిలిచి, "తప్పయిపోయింది మేస్త్రీ" అన్నాను. ఆయన తాపీ కడుగుతూనే విన్నాడు.

"సరే సామీ. ఇంక మీద ఏ పని చెప్పినా చీటీ రాసియ్యి."

"పెద్ద పనులకు తప్పకుండా రాస్తాను."

"ఏ పనికైనా."

అన్నంత పనీ చేశాడు. గోడకు నీళ్ళు కొట్టాలన్నా చీటీ. నిచ్చెన ఇక్కణ్ణుంచి అక్కడికి మార్చాలన్నా చీటీ. ఆయనకు చదవడం రాదు. నేను రాసిచ్చింది ఖలాసీతో పైకి చదివించుకుని, నాలుగు మడతలు పెట్టి తలపాగాలో దోపుకుని, అప్పుడు తాపీ పట్టేవాడు. మాటలో తేడా లేదు. సామీ అనడం మానలేదు. పనిలో ఒక్క లోటు చెయ్యలేదు. ఒక్కసారి కూడా ఆ రెండు రాత్రుల గురించి ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

పై అధికారులు చూసి, ఈ ఇన్‌స్పెక్టరు ప్రతిదీ రాతలో పెడతాడు, మంచి పద్ధతి అని మెచ్చుకున్నారు. ఎందుకు పెడతానో శ్రీనివాసన్ గారికి మాత్రం తెలుసు. మీకు నా సలహా కూడా అదే. రాసివ్వండి. మీ కింద పనిచేసేవాడి చేతిలో మీ సంతకం ఉండాలి. మీరు పిరికివాళ్ళయిన రోజున అతణ్ణి కాపాడేది అదే. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు.

మూడేళ్ళు అలా గడిచాయి. మునిరత్నం రిటైరవడానికి ఇంకా కొన్ని నెలలు ఉందనగా, వేరే వంతెన దగ్గర ఒక పొద్దున పని చూపించాను. పెద్ద పనేమీ కాదు. మూడు ఇటుకలు చెడిపోయాయి, తీసి కొత్తవి పెట్టాలి. అలవాటు ప్రకారం జేబులోంచి నోటుబుక్కు, పెన్సిలు తీశాను. రాయడం మొదలుపెట్టాను.

"ఎందుకు సామీ ఆ కాయితం?" అన్నాడు.

నేను తలెత్తాను. "ఏమన్నావ్?"

"నోటితో చెప్పు, చాల్లే. పొద్దెక్కతా ఉండాది."

ఆయన నావైపు చూడటం లేదు, ఇటుకల వైపు చూస్తున్నాడు. నేను పెన్సిలు జేబులో పెట్టుకున్నాను. "ఆ మూడు ఇటుకలు తీసి కొత్తవి మూడు పెట్టు మేస్త్రీ" అన్నాను.

"అట్నే సామీ" అని ఆయన తాపీ అందుకున్నాడు.